గ్లైడర్‌లో గాలి లెక్క: చుట్లు నమ్మాలా, సెన్సర్ నమ్మాలా?

నల్లగొండ రాతిగుట్టల మీద ఎండాకాలం లేచే వేడిగాలిలో (థర్మల్) గ్లైడర్, అంటే ఇంజిన్ లేని విమానం, చుట్లు తిరుగుతోందనుకోండి. జీపీఎస్ నేలవేగం గాలివాలుకు 110, ఎదురుగాలికి 80 కిలోమీటర్లు చూపితే, తేడాలో సగం, అంటే 15, గాలి వేగం. అదనపు పరికరం అక్కర్లేదు. కానీ వేగం, ఒరుగు చుట్టంతా నిలకడగా ఉండాలి. సాగర్ వైపు తిన్నగా సాగితే ఆ అంకె పాతబడుతుంది.

గాలిలో వేగాన్ని కొలిచే సెన్సర్‌ను జీపీఎస్‌తో కలిపితే, అప్పుడప్పుడు దిశ మార్చినా చాలు, లెక్క తాజాగా ఉంటుంది. ఎత్తుకు తగ్గ సవరణ తప్పనిసరి: 2,000 మీటర్ల దగ్గర అసలు వేగం మీటరు చూపేదానికన్నా దాదాపు 10 శాతం ఎక్కువ. సవరించకపోతే లేని వాలుగాలిని చూపి, రన్‌వే అందుతుందని నమ్మిస్తుంది. అది ప్రాణాంతకం.

నేను సెన్సర్‌నే ఎంచుకుంటాను. ప్రతి థర్మల్‌లో రెండు మూడు నిండు చుట్లతో సరిచూస్తాను.