టీఎల్‌డీ మాత్ర: పొద్దునా, రాత్రా?

హెచ్‌ఐవీకి రోజూ వాడే ఏఆర్టీ మాత్ర అనగానే "రాత్రి పడుకోబోయే ముందు" అని చెప్పడం టీఎల్‌ఈ అనే పాత మాత్ర రోజుల అలవాటు. అందులోని ఎఫావిరెంజ్ 600 మి.గ్రా. తల తిప్పేది, పిచ్చి కలలు తెప్పించేది. నూనె ఎక్కువైన భోజనం మీద వేసుకుంటే ఆ బాధ ఇంకా ముదిరేది. అందుకే ఖాళీ కడుపు, పడక వేళ. ఇప్పటి మాత్ర టీఎల్‌డీలో దాని చోటులోకి డోల్యుటెగ్రావిర్ 50 మి.గ్రా. వచ్చింది. టెనోఫోవిర్, లామివుడిన్ మాత్రం 300 చొప్పున మామూలే. ఇది తిన్నా తినకపోయినా, ఏ వేళైనా పనిచేస్తుంది.

మా ఓటు పొద్దుటికే. డోల్యుటెగ్రావిర్ కొందరికి నిద్ర చెడగొడుతుంది. రాత్రి వేసుకునేవాళ్లు నిద్ర లేదంటే నిద్రమాత్ర రాయకముందు వేళ మార్చి చూడాలి. పైగా పొద్దున మరిచినా సాయంత్రం గుర్తొస్తే వేసుకోవచ్చు. తర్వాతి మాత్రకు 4 గంటల లోపే ఉంటే వదిలేయాలి, రెండూ కలిపి మింగకూడదు. నెలకు 30లో ఒకటి పోతే వేసుకున్నవి 97 శాతం, రెండు పోతే 93. లెక్క అంత బిగువు. రాత్రి మందు కొట్టే అలవాటున్న మనిషిని రాత్రి మాత్రకు అసలు నమ్మలేం.

పొద్దుటితో వచ్చే చిక్కల్లా టిఫిన్ వేళ మింగే మిగతా మందులే. గుంటూరు కారానికి గ్యాస్ మందు లేని ఇల్లు తక్కువ. జెలూసిల్, డైజీన్ లాంటి వాటిలోని అల్యూమినియం, మెగ్నీషియం డోల్యుటెగ్రావిర్‌ను పేగులోనే పట్టేసి ఒంటికి ఎక్కనివ్వవు. కాబట్టి టీఎల్‌డీ వాటికి 2 గంటలు ముందన్నా, 6 గంటల తర్వాతన్నా పడాలి. ఆసిడ్ తగ్గించే పాంటాప్రజోల్‌తో ఈ గొడవ లేదు. గర్భిణుల ఐరన్, కాల్షియం బిళ్లలకూ ఇదే ఎడం. అయితే అన్నంతోనో టిఫిన్‌తోనో అయితే ఈ బిళ్లలను టీఎల్‌డీతో కలిపే వేసుకోవచ్చు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ సంగతి వేరు, అది వేళ మార్చినా తీరదు. రోజుకు 1000 మి.గ్రా. దాటకుండా డాక్టరే చూడాలి.

టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే పొద్దునా రాత్రా అన్న ప్రశ్నే లేదు, రెండు పూటలూ కావాలి. పొద్దున టీఎల్‌డీ, 12 గంటల తర్వాత విడిగా డోల్యుటెగ్రావిర్ 50. టీబీ కోర్సు అయ్యాక కూడా ఈ రెండో బిళ్ల మరో రెండు వారాలు సాగాలి.

రాత్రే నయమనిపించేవాళ్లూ ఉన్నారు. తెల్లారకముందే మిర్చి యార్డుకు పరుగెత్తే హమాలీ, పొద్దున పదిమంది మధ్య డబ్బా తీయలేని ఉమ్మడి కాపురపు కోడలు. నిద్ర బాగా పడుతుంటే వాళ్లను కదిలించక్కర్లేదు. బెజవాడలో నైట్ డ్యూటీ చేసే రైల్వే మనిషికైతే డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళ కాదు, నిద్ర లేచిన వేళ చెప్పండి.