37 లీటర్ల ట్యాంకు, ఎనిమిది గీతలు: ఫ్యూయల్ గేజ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

2018లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నాది. మీటరు లక్ష దాటింది. వారం రోజులు ఉప్పల్ నుంచి ఆఫీసుకి, నెలకో రెండు నెలలకో సూర్యాపేట మీదుగా ఖమ్మం, అప్పుడప్పుడు శ్రీశైలం. మోడల్ పేరు చెప్పను. గీతలతో పెట్రోలు మట్టం చూపించే ఇలాంటి గేజే రోడ్డు మీద తిరిగే చిన్నకార్లలో చాలావాటికి ఉంటుంది, కాబట్టి ఒక్క కంపెనీని పట్టుకుని పొగడాల్సిందీ తిట్టాల్సిందీ లేదు. కొన్న కొత్తలోనే గ్లవ్‌బాక్సులో ఒక చిన్న డైరీ పెట్టాను. ఫుల్ ట్యాంకు కొట్టించి ట్రిప్ మీటరు సున్నా చేయడం, ఒక్కో గీత పోయినప్పుడు ఎన్ని కిలోమీటర్లయిందో రాసుకోవడం, మళ్లీ కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో పక్కనే రాయడం. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

డైరీ చూస్తే మొదట కనబడేది ఏంటంటే, ఎనిమిది గీతలూ ఒక సైజువి కావు. ఫుల్ కొట్టించాక మొదటి గీత పోవడానికి దాదాపు 110 కిలోమీటర్లు పడుతుంది. ఆ తర్వాతి ఐదు గీతలూ సుమారు 75 చొప్పున బుద్ధిగా దిగుతాయి. ఏడోది 50కే పోతుంది. ఎనిమిదోది మిణుకుమిణుకుమంటూ, పక్కనే బంకు బొమ్మ లైటు పడుతుంది. కొత్తగా కారు కొన్నవాళ్లు "మొదట్లో భలే మైలేజీ ఇచ్చింది, సగం అయ్యాక తాగేస్తోంది" అనడం వెనకున్న సంగతి చాలావరకు ఇదే. ఇంజను తాగుడు మారలేదు, గీతల సైజు మారింది.

గేజ్ కొలిచేది పెట్రోలును కాదు, పెట్రోలు మీద తేలే బెండు ఎత్తును. ఇంటి మీద వాటర్ ట్యాంకులో బంతి తేలుతూ వాల్వు మూసినట్టే, ఇక్కడ ఒక ఫ్లోటు తేలుతుంది. దాని చివర సన్నటి కమ్మి. ఆ కమ్మి కదిలినప్పుడు రెసిస్టెన్సు పట్టీ మీద ఒక కాంటాక్టు జరుగుతుంది, ఆ రెసిస్టెన్సును బట్టి గీతలు వెలుగుతాయి. మరి కారు ట్యాంకు పెట్టెలా నాలుగు పలకలుగా ఉండదు. వెనక సీటు కింద, సైలెన్సర్ గొట్టం దారి వదిలి, యాక్సిల్‌కి తగలకుండా ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి వంగుతుంది. కాబట్టి ఒకే ఎత్తు దిగినా పైన ఒక లెక్క, కింద ఇంకో లెక్క. ఈ వంకరను కంపెనీవాళ్లు లెక్కలో సరిచేస్తారు, మధ్యలో బాగానే కుదురుతుంది కూడా. రెండు చివర్లే తేడా.

పై చివర సంగతి: ఫ్లోటు కమ్మి ఒక ఎత్తు వరకే లేస్తుంది. దానిపైన ఎంత పోసినా గేజ్‌కి తెలియదు, ఫుల్ అనే చూపిస్తుంది. నాజిల్ ఆటో కటాఫ్ అయ్యాక, అంటే ట్యాంకు నిండి దానంతటదే ఆగాక, "రౌండ్ ఫిగర్ చేద్దామా సార్" అంటూ బంకు కుర్రాడు దూర్చే రెండు మూడు లీటర్లు ఆ చీకటి మూలలోకే పోతాయి. బంకుల దగ్గర జరిగే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. "37 లీటర్ల ట్యాంకులో 39 ఎలా పడుతుంది, మీటరు మోసం" అని. పడుతుంది. కంపెనీ చెప్పే 37 అనేది ఆవిరికి, ఎండకి వ్యాకోచానికి జాగా వదిలేసి చెప్పే అంకె. మెడ దాకా నింపితే ఇంకో నాలుగు లీటర్లు పడటం వింతేమీ కాదు. అలా నింపడం మంచిది కాదు, అది వేరే మాట. పెట్రోలు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది, అందులోకి పెట్రోలే చేరితే డబ్బా పాడవుతుంది. నిజంగా బంకు మీద అనుమానముంటే గేజ్‌నీ ట్యాంకు సైజునీ సాక్ష్యం పెట్టొద్దు. ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో ఉండాలి, అడిగితే పట్టి చూపించాలి. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల తేడా వరకే చెల్లుతుంది. నేను రెండు చోట్ల అడిగి పట్టించి చూశాను. మొహం ముడుచుకున్నారు గానీ కొలత సరిగానే వచ్చింది.

ఇక అందరూ అడిగేది రిజర్వు. చేతక్ స్కూటరు నడిపిన తరానికి రిజర్వు అంటే చేత్తో తిప్పే నాబ్. తిప్పాక ఇంకొంత పెట్రోలు కచ్చితంగా ఉందని ధీమా. కార్లో అలాంటి వేరే ట్యాంకూ లేదు, నాబూ లేదు. ఫ్లోటు ఫలానా ఎత్తుకి దిగింది అనే కబురే ఆ లైటు. నా అనుభవంలో మొత్తం గేజ్‌లో ఎక్కువ నమ్మదగింది మాత్రం అదే. లైటు పడగానే అదే బంకుకి వెళ్లి, మొదటి కటాఫ్ వరకే కొట్టిస్తే ప్రతిసారీ 31, 32 లీటర్ల మధ్యే పట్టింది. అంటే లోపల ఐదున్నర లీటర్లు మిగిలే ఉన్నాయి. నా మైలేజీ 17 వేసుకుంటే తొంభై కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద లైటు పడితే నాకు గుండెదడ రాదు, చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా బంకులకేం కొదవ.

అయితే ఆ తొంభై కిలోమీటర్లూ వాడేయమని చెప్పను. పెట్రోలు పంపు ట్యాంకులోనే, పెట్రోలులోనే మునిగి ఉంటుంది. దానికి చల్లదనం ఇచ్చేది ఆ పెట్రోలే. ఎప్పుడూ అడుగున నడిపితే పంపు వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. డీజిల్ కారైతే అడుగంటా ఖాళీ చేస్తే గొట్టాల్లోకి గాలి చేరుతుంది, తర్వాత డీజిల్ పోసినా గాలి తీస్తేగానీ స్టార్ట్ కాదు.

ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోవచ్చో డ్యాష్‌బోర్డు చెప్పే డిస్టెన్స్ టు ఎంప్టీ అనే అంకె మీద నాకు అంత గౌరవం లేదు. లైటు పడ్డప్పుడు అది 65 అని చూపిస్తుంది, డైరీ లెక్కలో 90 పైన ఉండాలి. తక్కువ చెప్పడం మంచిదే అనుకుందాం. ఇంకొంచెం పోయాక అంకె తీసేసి రెండు అడ్డగీతలు పెడుతుంది. అసలు మనిషికి అంకె కావాల్సిందే అప్పుడు! అది మిగిలిన పెట్రోలును ఈమధ్య మనం నడిపిన మైలేజీతో గుణించి చెప్పే మాట. ముందున్న రోడ్డు దానికేం తెలుసు? శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు ఘాట్ ఎక్కుతుంటే పది కిలోమీటర్లు పోయేసరికి అంకె ఇరవై దిగుతుంది. డ్యామ్ వైపు దిగుతుంటే పెట్రోలు ఎవరో పోసినట్టు పెరుగుతుంది. అందుకే ఆ రూట్లో గీతలూ చూడను, అంకే చూడను, మన్ననూరు చేరకముందే నింపేస్తాను. అడవిలో రాత్రిపూట గేటు మూసేస్తారు, అక్కడ లెక్కలు వేసుకుంటూ కూర్చోవడానికి లేదు.

గడిచిన రెండేళ్లలో డైరీలో ఒక మార్పు కనబడుతోంది. 75కి పోయే గీతలు ఇప్పుడు 72కే పోతున్నాయి. కారు వయసు కొంత, 20 శాతం ఎథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు కొంత అనుకుంటున్నాను. లీటరుకి లీటరు చూస్తే ఎథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. 10 శాతం కలిపిన పెట్రోలు నుంచి 20 శాతం కలిపినదానికి వస్తే లెక్క ప్రకారం మూడు నాలుగు శాతం తగ్గాలి, అటూ ఇటుగా అంతే తగ్గింది. గేజ్ తప్పేం లేదు. ఎత్తు అంతే ఉంది, ఆ ఎత్తులోని కిలోమీటర్లు తగ్గాయి.

రోజువారీ చిరాకులు వేరే ఉన్నాయి. మా అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు మీద ముక్కు పైకెత్తి ఆపితే పొద్దున్న ఒక గీత తక్కువ చూపిస్తుంది, చదునైన రోడ్డెక్కిన ఐదు నిమిషాలకి తిరిగొస్తుంది. ఐదొందలకి కొట్టిస్తే గీత లేవదు, ఒక్కోసారి మర్నాడు లేస్తుంది. కుదుపులకి గీతలు ఎగిరిపడకుండా కంప్యూటరు సగటు తీసి నిదానంగా చూపిస్తుంది, ఆ నిదానం వల్ల వచ్చిన తంటా ఇది. మా బాబాయి పాత డీజిల్ కారులో ముల్లు పావు దగ్గరే నిలబడిపోయింది. రెసిస్టెన్సు పట్టీ అక్కడ అరిగిపోయిందట, పట్టీ ఒక్కటే దొరకదు, సెట్టు మొత్తం మార్చాలన్నారు. ఆయన మార్చలేదు. మూడొందల కిలోమీటర్లకోసారి కొట్టిస్తూ హాయిగా తిరుగుతున్నాడు. మా బావమరిది సీఎన్‌జీ కారుది ఇంకో కథ. అక్కడ ఫ్లోటు లేదు, ఒత్తిడి చూసి నాలుగు లైట్లు వెలుగుతాయి. 200 బార్ దాకా ఎక్కించేటప్పుడు గ్యాసు వేడెక్కుతుంది, చల్లారాక ఒత్తిడి పడుతుంది, స్టేషను నుంచి కాస్త దూరం పోగానే ఒక లైటు ఆరిపోతుంది. పాపం ఆయన చాలా రోజులు సిలిండరు లీకనే అనుకున్నాడు.

ఈమధ్య స్టీరింగు కింద కారు కంప్యూటరు లెక్కలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కి పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం కొన్నాను. అన్ని కార్లూ ఇవ్వవు గానీ, నా కారు ట్యాంకు మట్టాన్ని శాతంలో ఫోనుకి పంపిస్తోంది. లైటు పడ్డప్పుడు అంకె 15. ముప్పై ఏడులో పదిహేను శాతమంటే ఐదున్నర లీటర్లే, డైరీ లెక్కతో కలిసింది. ఇంత తెలిసిన కారు డ్యాష్‌బోర్డు మీద లీటర్లు అంకెల్లో చూపిస్తే పోయేదేముంది అని విసుక్కున్నాను. తర్వాత ఘాట్ రోడ్డు మీద ఆ శాతాన్ని మా అబ్బాయితో చదివించాను. ఒక మలుపులో 46, తర్వాతి మలుపులో 39, మళ్లీ 44. "ఏంటి నాన్నా, పెట్రోలు కారుతోందా?" అని వాడు కంగారుపడ్డాడు. ఫోను మూసేయమని, గీతలు ఎన్నున్నాయో చెప్పమన్నాను. నాలుగు ఉన్నాయన్నాడు.