హెంప్ గింజలు: పొడికి బాగు, పర్సుకి బరువు

"గంజాయి గింజలు ఇంట్లోకి తెచ్చావా?" అని అత్తయ్య హడలిపోయింది. హిమాయత్‌నగర్‌లో ఒక ఆర్గానిక్ షాపులో పొట్టు తీయని హెంప్ గింజలు పావు కిలో 380 రూపాయలకు కొన్నాను. మొక్క అదే జాతి. కానీ 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవని విడి గింజలు ఆ లెక్కలోకి రావు. 2021లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా వీటిని ఆహారంగా గుర్తించింది. మత్తేమీ ఎక్కదు. ఇంత చెప్పినా ఆవిడ డబ్బాకి "నువ్వులు" అని చీటీ అంటించింది.

ఇక సరుకు. అరచేతిలో పోసుకుంటే ధనియాలంత ఉన్నాయి, బూడిద రంగు మీద గోధుమ చారలు. గుప్పెడులో నాలుగు పుల్లలు, రెండు మట్టి బెడ్డలు. ఈ ధరకి చెరిగి ఇవ్వొద్దూ? సన్నసెగ మీద వేయిస్తే చిటపటలాడి, వేరుశనగకీ అవిసెకీ మధ్యరకం వాసన వచ్చింది. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు వేసి దంచాను. వేడన్నం, నెయ్యితో అదిరింది. పొట్టు మాత్రం కరకరమంటూ పళ్ల సందుల్లో ఇరుక్కుంది. దోసెలోకి పెరుగు కలిపి నంజుకుంటే కొంత నయం.

అసలు కోపం ప్యాకింగ్ తేదీ మీద. స్టిక్కర్ మీద స్టిక్కర్! నూనె గింజలు నిలవుంటే చెడతాయి కదా. అడుగున ఉన్నవి అప్పటికే కాస్త చేదెక్కాయి. మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టాను. మళ్లీ కొంటే పొట్టు తీసినవే, అదీ వంద గ్రాముల ప్యాకెట్టే. ఇదే డబ్బుకి బేగంబజార్‌లో కిలో నువ్వులు వచ్చి చిల్లర కూడా మిగిలేది.