జిప్ ఫైలు విప్పాలన్నా కట్టాలన్నా ఫోన్‌లో ఏది మేలు?

ఇంట్లో పెళ్లి జరిగిన పది రోజులకు మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "స్టూడియోవాళ్లు ఫోటోలు పంపామన్నారు నాన్నా. వచ్చాయి కూడా. నొక్కితే మాత్రం ఏమీ కనబడడం లేదు." వెళ్లి చూశాను. డౌన్‌లోడ్స్‌లో కొన్ని ఫైళ్లున్నాయి. అన్నింటికీ చివర రార్ అనే తోక, దాని ముందు పార్ట్1, పార్ట్2, పార్ట్3 అని వరస. స్టూడియోకు ఫోన్ చేస్తే, "విన్‌రార్ వేసుకుని తెరవండి మేడమ్" అన్నారట. విన్‌రార్ కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్. ఆ ఇంట్లో కంప్యూటరే లేదు. ఉన్నదల్లా ఆమె చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను.

ఇలాంటి పంచాయతీ ఏడాదికి నాలుగైదుసార్లు నా దగ్గరికి వస్తుంది. ఒకసారి పరీక్ష మెటీరియల్, ఒకసారి ఆధార్ ఫైలు, ఒకసారి ఇంటి ప్లాను. అందరూ అడిగేది ఒక్కటే: ఏ యాప్ వేసుకోవాలి? నేను వాడి చూసినవి మూడు రకాలు. ఫోన్‌తో పాటే వచ్చే ఫైల్స్ యాప్, జెడ్‌ఆర్కైవర్, విన్‌రార్ తయారీదారులే ఆండ్రాయిడ్ కోసం ఇచ్చిన రార్ యాప్. వీటిలో ఏది మేలో చెప్పే ముందు, చాలా ఫైళ్లను ఒక్కటిగా కట్టే జిప్, రార్ వంటి మూటల సంగతి కొంచెం చెప్పుకోవాలి. యాప్ ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

జిప్‌ను 1989లో ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తెచ్చాడు. దాన్ని ఎలా కట్టాలో, ఎలా విప్పాలో అందరికీ తెలిసేలా బయటపెట్టడంతో ఎవరు పడితే వారు తమ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకున్నారు. ఈరోజు జిప్ తెలియని ఫోన్ దొరకడం కష్టం. మీరు రోజూ తెరిచే డాక్స్ ఫైలు, ఈపబ్ పుస్తకం, చివరికి ఆండ్రాయిడ్ యాప్ వచ్చే ఏపీకే కూడా లోపల జిప్ మూటలే. రార్ కథ వేరు. 1993లో యూజీన్ రోషల్ అనే రష్యన్ దాన్ని తయారు చేశాడు. రార్‌ను విప్పే పద్ధతిని ఇతరులు వాడుకోవచ్చు కానీ, దాన్ని చూసి రార్ కట్టే సాఫ్ట్‌వేర్ రాయడానికి లైసెన్సు ఒప్పుకోదు. అందుకే రార్ విప్పే యాప్‌లు చాలా ఉన్నా, కట్టేది మాత్రం వాళ్ల సొంత యాపే. మూడోది 7జెడ్. 1999లో ఇగోర్ పావ్లోవ్ మొదలుపెట్టిన 7-జిప్‌తో వచ్చింది. బాగా నొక్కి కడుతుంది, పైసా అడగదు. కాకపోతే అవతలివాళ్ల ఫోన్‌కు దాని ముఖం తెలియకపోవచ్చు.

ఇక యాప్‌లు. ఫోన్‌తో వచ్చే దానితో మొదలుపెడదాం, ఎందుకంటే చాలామందికి అది ఉందనే తెలియదు. గూగుల్ వారి ఫైల్స్ యాప్‌లో జిప్‌ను నొక్కితే లోపలేమున్నాయో చూపి, ఎక్స్‌ట్రాక్ట్ అనే బటన్ ఇస్తుంది. విప్పడం అయ్యాక, పాత జిప్‌ను తీసేయమంటారా అని ఒక టిక్కు పెట్టి అడుగుతుంది. చోటు తక్కువున్న ఫోన్‌లో ఆ టిక్కు బంగారం. శామ్‌సంగ్ ఫోన్లలో మై ఫైల్స్‌లో ఫోటోలు ఎంచుకుని కంప్రెస్ అంటే జిప్ తయారవుతుంది. ఐఫోన్‌లో 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే ఈ సదుపాయం ఉంది. జిప్ మీద ఒక్కసారి తాకితే పక్కనే ఫోల్డర్ పుడుతుంది, ఫైలు మీద వేలు నొక్కి ఉంచితే కంప్రెస్ కనిపిస్తుంది. ఇంతకన్నా సులువైన పని ఫోన్‌లో మరొకటి లేదు. ప్రకటనలు లేవు, కొత్తగా అనుమతులు ఇవ్వాల్సిన పనీ లేదు.

లోటు ఏమిటంటే వీటిలో కొన్నింటి లోకం జిప్ దగ్గరే ఆగిపోతుంది. గూగుల్ ఫైల్స్‌కు రార్ ఇస్తే తెల్లముఖం వేస్తుంది. పెద్దమ్మ ఫోన్‌లో జరిగింది అదే. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌తోనూ కొన్ని ఫోన్ల సొంత యాప్‌లు తడబడతాయి. ఆధార్ ఆఫ్‌లైన్ ఇ-కేవైసీ ఫైలు ఇలాంటిదే. అది జిప్‌గా వస్తుంది, తీసుకునేటప్పుడు మనం పెట్టుకున్న నాలుగు అక్షరాల షేర్ కోడే దాని పాస్‌వర్డ్. ఆ కోడ్ మరిచిపోయి, ఫోన్ చెడిపోయిందనుకుని దుకాణానికి పరిగెత్తినవాళ్లు నాకు తెలుసు.

జెడ్‌ఆర్కైవర్‌ను మొదటిసారి తెరిచినవారికి నచ్చదు. ముఖం అంత అందంగా ఉండదు. వరుసగా ఫోల్డర్లు, పైన చిన్న గుర్తులు, అంతే. వేసుకోగానే ఫోన్‌లోని అన్ని ఫైళ్లకూ అనుమతి అడుగుతుంది. అదేదో దొంగ యాప్ అని చాలామంది అక్కడే తీసేస్తారు. నా మాట వినండి, తీయకండి. మూటలు ఎక్కడున్నా విప్పాలంటే దానికి ఆ తాళం కావాలి. పైగా ఈ యాప్‌కు ఇంటర్నెట్ అనుమతే లేదు, కాబట్టి మన ఫైళ్లను ఎక్కడికో పంపే దారి దానికి లేదు. ఉచిత యాప్ అయినా ప్రకటనలు కనిపించవు. ఇంత నిరాడంబరంగా బతికే యాప్‌లు ఈ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పనిలో అది దిట్ట. జిప్, 7జెడ్, టార్ వంటివి కడుతుంది. రార్‌తో సహా మీరు పేరు కూడా వినని రకాలన్నీ విప్పుతుంది. మూట మొత్తం విప్పకుండా లోపల ఒక్క ఫైలును మాత్రమే లాగి తీసుకోవచ్చు. రెండు జీబీల మూటలో మీకు కావలసింది ఒక్క పీడీఎఫ్ అయినప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. జిప్‌లోకి ఒక ఫైలు చేర్చడం, ఒకటి తీసేయడం కూడా కుదురుతుంది.

మనవాళ్లకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, ఫైళ్ల పేర్లు. జిప్ పుట్టినప్పుడు ఇంగ్లిష్, మరికొన్ని ఐరోపా అక్షరాలకే చోటు ఉండేది. పేర్లను అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్‌లో రాసుకునే వీలు 2006లో గానీ చేరలేదు. ఆ సంగతి పట్టించుకోని పాత సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మూటలో 'తలంబ్రాలు' అనే ఫోల్డర్ విప్పగానే గీతలు, గ్రీకు అక్షరాలు, ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. లోపలి ఫోటోలకు ఏమీ కాదు, పేరే పాడవుతుంది. జెడ్‌ఆర్కైవర్ తెలుగు పేర్లను సరిగానే రాస్తుంది, చదువుతుంది. అయినా అవతల విప్పేది ఏ కాలం నాటి కంప్యూటరో తెలియనప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెట్టి పంపడం తెలివైన పని. చెప్పడానికి మనసొప్పకపోయినా నేనూ అదే చేస్తాను.

రార్ యాప్ ఎవరికి? రార్ మూట కట్టాల్సిన పని నిజంగా ఉన్నవారికి. అలాంటివారు నాకు ఇంతవరకు తారసపడలేదు. ప్రకటనలు వస్తాయి, డబ్బు కడితే పోతాయి. కానీ దానిలో ఒక విద్య ఉంది: దెబ్బతిన్న జిప్, రార్ ఫైళ్లను బాగుచేసే రిపేర్. రార్ కట్టేటప్పుడే రికవరీ రికార్డు, అంటే పాడైన చోటును పూడ్చే అదనపు సమాచారం, చేర్చి ఉంటే, మెమరీ కార్డులో కొంచెం పాడైన మూట కూడా తిరిగి చేతికి రావచ్చు. చేర్చకపోతే, లేదా డౌన్‌లోడ్ సగంలో తెగిపోతే రిపేర్ మంత్రం వేయదు. మళ్లీ దించుకోవడమే.

కట్టే విషయంలో ఒక భ్రమ తీర్చాలి. ఫోటోలను జిప్ చేస్తే సైజు తగ్గుతుందని చాలామంది నమ్మకం. తగ్గదు. జేపెగ్ ఫోటో, ఎంపీ4 వీడియో పుట్టేటప్పుడే నొక్కుకుని పుడతాయి. పిండేసిన బట్టను ఇంకోసారి పిండినట్టే, రాలేది ఒకటి రెండు చుక్కలు. 7జెడ్‌లో అల్ట్రా అనే గట్టి నొక్కుడు పెట్టి అరగంట ఫోన్ వేడెక్కించినా అంతే. టెక్స్టు ఫైళ్లయితే నాలుగో వంతుకు దిగడం మామూలే. ఫోటోలకు జిప్ ఎందుకు పనికొస్తుందంటే, ఆరు వందల ముక్కలను ఒక్క మూటగా పంపడానికి, వాట్సాప్ వాటి నాణ్యత తగ్గించకుండా కాపాడడానికి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా 2 జీబీల వరకు ఒక ఫైలు పంపవచ్చు. జీమెయిల్‌కు 25 ఎంబీల గీత ఉంది కాబట్టి పెళ్లి ఆల్బమ్‌కు అది పనికిరాదు.

పాస్‌వర్డ్ పెట్టాలంటే నేను 7జెడ్ వైపే మొగ్గుతాను. దానిలో వాడేది ఏఈఎస్-256 అనే గట్టి తాళం, పైగా లోపలి ఫైళ్ల పేర్లు కూడా దాచుకోవచ్చు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టినా పేర్లు బయటకు కనిపిస్తూనే ఉంటాయి. 'పాన్ కార్డు, జీతం స్లిప్పు, ఇంటి దస్తావేజు' అని పేర్లు చదివినవాడికి లోపలేముందో వేరే చెప్పాలా? పాత రకం జిప్ తాళం ఎప్పుడో బద్దలైందని కూడా గుర్తుంచుకోండి. మీరు పంపేది బ్యాంకు కాగితాలైతే అవతలివారి చేత జెడ్‌ఆర్కైవర్ వంటి 7జెడ్ విప్పే యాప్ వేయించడం తప్పదు. పాస్‌వర్డ్‌ను అదే చాట్‌లో రాయకుండా ఫోన్‌లో చెప్పండి.

వీటికి తోడు 'జిప్ ఇక్కడ విప్పండి' అనే వెబ్‌సైట్లున్నాయి. ఫోన్‌లో ఉచితంగా అయ్యే పనికి మన ఫైలును ముక్కూ మొహం తెలియని సర్వర్‌కు ఎక్కించడం ఎందుకో నాకు అర్థం కాదు. ఒకప్పుడు అందరి ఫోన్లలో ఉన్న ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పేరు ఇప్పటికీ కొందరు చెబుతారు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. ఎక్కడో దొరికిన ఏపీకేతో వేసుకోవాలని చూడకండి. అన్నట్టు, మూట విప్పితే ఫోటోల బదులు ఏపీకే బయటపడితే, పంపింది మీ మేనమామ నంబరు నుంచే అయినా తాకకండి. శుభలేఖల పేరుతో ఈ మోసం నడుస్తోందని పోలీసులే హెచ్చరించారు.

పెద్దమ్మ ఫోన్‌లో జెడ్‌ఆర్కైవర్ వేసి పార్ట్1 నొక్కాను. రెండో భాగం పాడైందంది. చూస్తే పార్ట్2లు రెండున్నాయి, ఒకదాని పేరు చివర బ్రాకెట్లలో ఒకటి అని ఉంది. మొదటిసారి సగంలో ఆగిన ఫైలును అలాగే ఉంచి ఆమె మళ్లీ దించుకుంది, ఫోన్ రెండోదానికి పేరు మార్చింది. సగం ఫైలును తీసేసి, బ్రాకెట్లు చెరిపి, మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి మళ్లీ పార్ట్1 నొక్కాను. ఈసారి చోటు చాలదంది! మూట ఎంతో విప్పిన సరుకూ అంతే కాబట్టి రెండింటికీ చోటు కావాలి. గుడ్ మార్నింగ్ వీడియోలు ఓ రెండు వందలు తీసేశాక పని జరిగింది.

"డల్లాస్‌లో ఉన్న అక్కకు కూడా పంపు నాన్నా," అంది. ఆ మూడు రార్‌లను అలాగే పంపితే రేపు అక్కడినుంచి ఇదే ఫోన్ వస్తుంది. ఆమెది ఐఫోన్. అందుకే తలంబ్రాల ఫోల్డర్ ఒక్కదాన్ని ఇంగ్లిష్ పేరుతో మామూలు జిప్‌గా కట్టి పంపాను. పాస్‌వర్డ్ పెట్టలేదు. పెద్దమ్మ కాఫీ తెచ్చేలోపు అక్క నుంచి జవాబు వచ్చింది: "అమ్మ పట్టుచీర భలే ఉంది. మిగతా ఫోటోలేవీ?"