నౌపడ–గుణుపూర్ లైను: చిన్నబండి కాలం నుంచి వాడుతున్న ప్రయాణికుడి సమీక్ష

ముందుగా తీర్పు చెప్పేస్తాను. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ దాకా పోయే ఈ బ్రాంచి లైనులో ఇప్పుడు బండి బాగుంది, పట్టాలు బాగున్నాయి. బండి కోసం కాచుకునే మనిషికి మాత్రం ఇంకా చాలా చెయ్యాలి. మాది పాతపట్నం, బట్టల కొట్టు. నేరోగేజి రోజుల నుంచీ సరుక్కీ, పెళ్లిళ్లకీ, ఆస్పత్రికీ మాకు ఇదే దారి.

ఈ లైను ప్రభుత్వం వేసింది కాదు. మద్రాసు–హౌరా పెద్ద లైను నౌపడ మీదుగా పోయాక, పర్లాకిమిడి దానికి పాతిక మైళ్లు లోపలికి ఉండిపోయింది. అక్కడి రాజా గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయల సొంత ఖర్చుతో చిన్న లైను వేయించి, 1900 ఏప్రిల్ 1న బండి నడిపించారు. మొదట్లో నష్టాలే. 1910 నుంచి కాస్త లాభం మొదలై, 1924–25 తర్వాత బాగా పుంజుకుంది. ఆ ధైర్యంతోనే పట్టాల్ని వంశధార లోయలోకి పొడిగించారు. 1931 నాటికి గుణుపూర్ చేరాయి. మొత్తం 90 కిలోమీటర్లు. రాబడి లేని రోజుల్లో కూడా మూసెయ్యకుండా నడిపినందుకు ఆ సంస్థానానికి మా ప్రాంతం రుణపడి ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అప్పట్లో ఈ చిన్న లైను గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు, 762 మిల్లీమీటర్లు. మెయిన్ లైనుది 1,676. చిన్న గేజి అయితే తేలికపాటి పట్టాలు చాలు, వంతెనలు చిన్నవి సరిపోతాయి, మలుపులు బిగువుగా తిప్పుకోవచ్చు. అంటే వేసేటప్పుడు డబ్బు మిగులుతుంది. కానీ ఒక లైను పెట్టె రెండో లైను మీదికి ఎక్కదు కదా. అలా మిగిలిన డబ్బంతా మేం నౌపడలో హమాలీ కూలీ కింద కడుతూనే వచ్చాం.

నౌపడ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ లైను ప్రాణమంతా అక్కడే ఉండేది. ఇంజన్ల షెడ్డు అక్కడే. ఆవిరి ఇంజన్లకి నీళ్లు, బొగ్గు పట్టేదీ, తర్వాత డీజిల్ ఇంజన్లని చూసుకున్నదీ అక్కడే. విశాఖ నుంచి మా బట్టల మూటలు వస్తే పెద్దబండిలోంచి దింపి, మోసి, చిన్నబండిలో పెట్టించాలి. ఎదురుగా కొండ చింతపండు, బియ్యం బస్తాలు దిగుతుండేవి. రెండు వైపుల సరుకూ ఒకే చోట చేతులు మారాలి కాబట్టి, వాన కురిస్తే మా గుండెల్లో రాయి పడేది. తడిసిన జరీ చీరకి బేరం ఉండదు. అయినా ఆ హమాలీల పనితనం గొప్పది. ఏ మూట అడుగున ఉండాలో, ఏది పైన ఉండాలో మేం చెప్పక్కర్లేకుండానే సర్దేవాళ్లు. గేజి మారాక ఆ పని పోయింది. ఆ కుటుంబాల సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, నాకిప్పటికీ బాధే.

1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యాక పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు పడ్డాయి. లైను మాత్రం రెండు రాష్ట్రాల్నీ కలుపుతూనే ఉంది. మా కొట్టుకొచ్చే వాళ్లలో సగం మంది అటువైపు వాళ్లే.

2004 జూన్‌లో గేజి మార్పు కోసం చిన్నబండి ఆపేశారు. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా పెద్దబండి తిరిగేసరికి 2010 అయింది, గుణుపూర్‌కి 2011. ఆ మధ్య కాలంలో మా వ్యాపారం లారీలకి అలవాటు పడిపోయింది, మళ్లీ రైలుకి తిరిగి రాలేదు. ఇంత చిన్న లైనుకి అన్నేళ్లు ఎందుకు పట్టాలో నాకు అర్థం కాదు.

మనుషుల విషయంలో మాత్రం మార్పు గొప్పగానే జరిగింది. కొత్తలో ఒకసారి పక్క సీట్లో ముసలావిడ, కూతురి ఆపరేషన్‌కి వెళ్తూ, టెక్కలి దాటగానే మూట సర్దేసుకుంది. "నౌపడ కాడ బండి మారాల గదా బాబూ?" అంది. "మారక్కర్లేదమ్మా, ఇదే విశాఖ దాకా ఎల్తాది" అన్నాను. నమ్మలేదు, ఇంకొకరిని అడిగింది. విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రోగిని తీసుకెళ్లేవాళ్లకి బండి మారక్కర్లేకపోవడం కంటే పెద్ద సౌకర్యం ఏముంటుంది?

ఇక స్టేషన్లు. ఈ లైనులో రోజుకి బండ్లు తక్కువ. అందుకే కాచుకునే సమయం ఎక్కువ, నీడా నీళ్లూ లైటూ పెద్ద స్టేషన్లలో కంటే ఇక్కడే ఎక్కువ అవసరం. కట్టినవాళ్లు దీన్ని తిరగేసి ఆలోచించినట్టుంది: బండ్లు తక్కువ, కాబట్టి సౌకర్యాలూ తక్కువ చాలు అని. ఈ దారిలో ఒక స్టేషన్‌లో ప్లాట్‌ఫారం పొడుగ్గా ఉంది, రేకుల కప్పు మాత్రం టికెట్ కౌంటర్ ముందు కొద్ది మేరే. పెట్టెలు ఆగేది ఆ నీడకి దూరంగా. మా అత్తయ్యని మే నెల ఎండలో అక్కడ నిలబెట్టాల్సి వచ్చింది, కుళాయి వట్టిపోయింది. ఇంకో రెండు కప్పులు, ఒక చేతి బోరింగు, పెట్టెలు ఆగేచోట బెంచీలు వేస్తే చాలు. పెద్ద ఖర్చు కాదు.

ప్రయాణానికి ఐదులో నాలుగు మార్కులు ఇస్తాను, స్టేషన్లకి రెండు.

కొత్తగా ఈ లైను వాడేవాళ్లకి ఒక సలహా. దూరప్రయాణానికి నౌపడలో దిగి ఎక్స్‌ప్రెస్ కోసం చూడకండి, అక్కడ ఆగేవి కొన్నే. హౌరా వైపైతే పలాసలో, హైదరాబాద్, చెన్నై వైపైతే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో మారండి. వేసవిలో వెళ్తే నీళ్ల సీసా ఇంటి దగ్గరే నింపుకోండి.