తిరగని టార్క్ సెన్సార్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

టార్క్, అంటే మెలితిప్పే బలం, కొలిచే స్ట్రెయిన్ గేజ్ సెన్సార్ కొనేవాళ్లు ముందుగా చూసేది దాని ఖచ్చితత్వం అంకె. మాది 0.2 శాతం. ఏళ్లుగా రోజూ వాడుతున్న మనిషిగా చెబుతున్నాను, ఆ అంకె విషయంలో అది మాట తప్పలేదు. రీడింగు అనుమానంగా కనిపించిన సందర్భాల్లో చాలావరకు కారణం సెన్సార్ బయటే దొరికింది. అందుకే ఈ సమీక్షలో సెన్సార్ గురించి ఎంత ఉందో, దాన్ని బిగించే తీరు గురించీ అంతే ఉంటుంది.

మేము హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలో బాల్ వాల్వులు తయారుచేస్తాం. 200 న్యూటన్ మీటర్ల సామర్థ్యమున్న ఈ సెన్సార్‌తో రెండు పనులు చేస్తాం. ఒకటి, బోల్టులను నిర్ణీత టార్క్ వరకు బిగించడానికి షాపులో వాడే టార్క్ రెంచ్‌లను సరిచూడటం. రెండోది, వాల్వు తెరుచుకోవడానికి ఎంత టార్క్ కావాలో కొలవడం. రెంటిలోనూ సెన్సార్ తిరగదు. దాని ఒక చివరను బల్లకు బోల్టులతో బిగిస్తాం, రెండో చివర మీద బలం పడుతుంది. తిరిగే ఇరుసుకు కరెంటు అందించే స్లిప్ రింగులు, బేరింగులు లేవు కాబట్టి అరిగేది ఏమీ లేదు. ఇన్నేళ్లు నిలిచిందంటే ప్రధాన కారణం అదే.

లోపల జరిగేది తెలిస్తే దీని మీద గౌరవం పెరుగుతుంది. తడి బట్టను పిండితే మడతలు ఏటవాలుగా పడతాయి కదా, ఇరుసును మెలిపెట్టినప్పుడు లోహం కూడా 45 డిగ్రీల దిశలో ఒకవైపు సాగుతుంది, దానికి అడ్డంగా కుదించుకుపోతుంది. ఆ దిశల్లోనే, సాగినా కుదించుకున్నా విద్యుత్ నిరోధం మారే నాలుగు గేజ్‌లు అంటించి వీట్‌స్టోన్ బ్రిడ్జి అనే నాలుగు నిరోధాల సర్క్యూట్‌గా కలుపుతారు. రెండు సాగుతాయి, రెండు కుదించుకుంటాయి. పూర్తి బలం దగ్గర లోహం మార్పు వెయ్యి మైక్రోస్ట్రెయిన్ (పొడవులో వెయ్యో వంతు) ఉంటుందనుకుంటే, 350 ఓమ్‌ల గేజ్ నిరోధం మారేది 0.7 ఓమ్ మాత్రమే. బ్రిడ్జికి 10 వోల్టులిస్తే పూర్తి సామర్థ్యం దగ్గర వచ్చేది 20 మిల్లీవోల్టులు. అంటే మా సెన్సార్‌లో ఒక న్యూటన్ మీటర్‌కు 0.1 మిల్లీవోల్టు. లోహానికి అంటించే ఈ గేజ్‌ను 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూగే ఎవరికి వారుగా కనుగొన్నారు. ఇంత సన్నని మార్పును షాపు ఫ్లోర్ మీద, గ్రీజు చేతుల మధ్య, రోజంతా నమ్మకంగా చదవగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

అయితే ఈ సెన్సార్ తన ఒంటి గుండా పోయిన టార్క్‌నే చూపిస్తుంది. పక్కదారిన పోయిన దాని సంగతి దానికి తెలియదు. వాల్వు పరీక్షలో ఇది బాగా కనిపిస్తుంది. వాల్వు బాడీని సెన్సార్ మీది ప్లేటుకు బిగించి, గొట్టంతో గాలి పీడనం ఇచ్చి, బాల్‌ను తిప్పే కాడను, అంటే స్టెమ్‌ను తిప్పుతాం. బాల్ సీటు నుంచి కదిలే తొలి క్షణంలో పడే గరిష్ఠ టార్కే మాకు కావలసింది. గొట్టం వాల్వు పక్క నుంచి వస్తుంది. పీడనం ఎక్కగానే అది బిగుసుకుని స్ప్రింగులా వాల్వును పట్టి ఉంచుతుంది. అప్పుడు స్టెమ్ మీద పడిన టార్క్‌లో కొంత గొట్టం దారిన బల్లలోకి వెళ్లిపోతుంది, రీడింగు తక్కువ వస్తుంది. అనుమానమున్నవాళ్లు స్టెమ్‌ను ముట్టకుండా పీడనం ఎక్కించి సున్నా రీడింగును గమనించండి. సున్నా జరిగితే గొట్టం వాల్వును తోస్తున్నట్టే. సున్నా కదలకపోయినా గొట్టం అడ్డుపడదని హామీ లేదు. లివర్ కడ్డీకి తెలిసిన బరువు తగిలించి, గొట్టం ఉన్నప్పుడూ తీసేసినప్పుడూ ఒకే అంకె వస్తుందో లేదో చూడాలి. మేము గొట్టాన్ని పొడవుగా, వదులుగా చుట్ట తిప్పి వేలాడదీస్తాం.

టార్క్ రెంచ్‌ల విషయంలో బాధ తక్కువ. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం 10 న్యూటన్ మీటర్లు దాటిన, నిర్ణీత టార్క్ చేరగానే టక్కుమనే క్లిక్ రెంచ్‌కు 4 శాతం వరకు తేడా ఒప్పుకుంటారు. 0.2 శాతం సెన్సార్ దానికి కావలసినంత కన్నా మెరుగు. చూసుకోవలసింది డిస్‌ప్లేని. నెమ్మదిగా సగటు తీసే డిస్‌ప్లే క్లిక్ క్షణాన్ని పట్టలేదు. గరిష్ఠాన్ని పట్టి ఉంచే వేగవంతమైన మోడల్ తప్పనిసరి. రెంచ్‌ను ఒక్క ఊపున లాగితే ఎంత మంచి డిస్‌ప్లే అయినా ఎక్కువ చూపిస్తుంది. లాగే చేయి నిదానంగా ఉండాలి.

బరువులు వేలాడదీసి సొంతంగా సరిచూసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. భూమి ఆకర్షణ త్వరణాన్ని 9.80665గా వేసేస్తుంటారు. హైదరాబాద్‌లో అది సుమారు 9.783. మీటరు పొడవు కడ్డీకి 10 కిలోలు తగిలిస్తే వచ్చేది 98.07 కాదు, 97.83 న్యూటన్ మీటర్లు. ఈ 0.24 శాతం తేడా రెంచ్‌కు పట్టింపు కాదు. సెన్సార్‌ను సరిచూసేటప్పుడు మాత్రం లేని లోపాన్ని దాని నెత్తిన రుద్దుతుంది. పైగా కడ్డీ సొంత బరువును కూడా లెక్కలోంచి తీసేయాలి. బరువులు వేయకముందు పూర్తి బలాన్ని మూడుసార్లు ఎక్కించి దించాలి. దిశ మార్చినప్పుడల్లా మళ్లీ అంతే. అలా చేయకపోతే తొలి రీడింగులు కుదురుగా రావు.

ఇక లోపాలు. కేబుల్ బయటకొచ్చే చోట సీలు బలహీనం. వానాకాలంలో తేమ లోపలికి చేరి సున్నా నెమ్మదిగా జారిపోయేది. ఉదయం సరిచేస్తే మధ్యాహ్నానికి మళ్లీ పక్కకు. అమ్మినవాళ్లకు చెబితే ‘డిస్‌ప్లే మార్చి చూడండి’ అన్నారు తప్ప సీలు మాట ఎత్తలేదు. ఇన్సులేషన్ నిరోధం చూస్తే అసలు విషయం తెలిసింది. ఇన్సులేషన్ కొలిచే మామూలు 500 వోల్టుల మెగ్గర్‌ను దీనికి పెట్టకూడదు, గేజ్‌లు దెబ్బతినవచ్చు. 50 వోల్టులకు మించని పరికరం కావాలి. చివరికి సీలు మార్పించాక, ఆరబెట్టి మళ్లీ కాలిబ్రేట్ చేయించాక కుదురుకుంది. ఆ ఖర్చు అమ్మినవాళ్లు భరించాలని ఇప్పటికీ నా అభిప్రాయం.

కేబుల్ విషయంలో ఇంకొకటి. నాలుగు తీగల సెన్సార్‌కు కేబుల్ కత్తిరించినా, అతికించి పొడిగించినా కాలిబ్రేషన్ మారుతుంది. 350 ఓమ్‌ల బ్రిడ్జికి వోల్టేజీ అందించే దారిలో ఒక్క ఓమ్ చేరితే రీడింగు సుమారు 0.3 శాతం తగ్గుతుంది. ఆరు తీగల రకమైతే సెన్సార్ దగ్గరి వోల్టేజీని వెనక్కి చదివి సరిచేసుకుంటుంది. కాస్త ఎక్కువ పెట్టినా ఆరు తీగలదే కొనండి.

ప్రతి నెలా మేము చేసేది షంట్ పరీక్ష. బ్రిడ్జిలో ఒక గేజ్‌కు సమాంతరంగా లక్ష ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే బ్రిడ్జికిచ్చే ప్రతి వోల్టుకూ సుమారు 0.87 మిల్లీవోల్టు రావాలి. తీగలు, డిస్‌ప్లే బాగున్నాయో లేదో ఒక నిమిషంలో తేలిపోతుంది. లోహం బలహీనపడితే మాత్రం ఇది చెప్పదు. దానికి బరువులతో సరిచూడటమో, గుర్తింపు పొందిన లేబొరేటరీయో కావలసిందే.

ఎప్పుడూ తిరుగుతూ ఉండే మోటారు ఇరుసు మీద టార్క్ కావలసినవాళ్లు దీన్ని కొనవద్దు, వాళ్ల దారి వేరు. బిగింపులు, వాల్వులు, సీసా మూతలు, తాళాలు పరీక్షించేవాళ్లకు మాత్రం నిస్సంకోచంగా చెబుతాను. మేము రెండోది కొన్నాం. ఈసారి కేబుల్ విడదీయగలిగే కనెక్టరున్నది, ఆరు తీగలది, పాతదాని సామర్థ్యంలో నాలుగో వంతుది, ఎందుకంటే చిన్న వాల్వుల 10 న్యూటన్ మీటర్ల రీడింగును 200 సామర్థ్యమున్న సెన్సార్ మీద నమ్మడం నాకు ఇష్టం లేదు.