అద్దె ఫ్లాటా, సెట్టా?

తక్కువ బడ్జెట్‌లో శృంగార క్రైమ్ థ్రిల్లర్ తీసేవాళ్లకు మొదటి చిక్కు గదితోనే. అద్దెకు తీసుకోవాలా, సెట్ వెయ్యాలా?

అద్దె ఫ్లాట్ చవక. గోడ మీది చెమ్మ, వదులైన స్విచ్‌బోర్డు పాత్రల బతుకును మాట అవసరం లేకుండా చెప్పేస్తాయి. కానీ కిటికీ వెలుగు గంటగంటకూ మారుతుంది, పొద్దున తీసిన షాటుకు మధ్యాహ్నం తీసింది అతకదు.

సెట్లో గోడ ఊడదీసి కెమెరాను వెనక్కి జరపొచ్చు. అంతకన్నా ముఖ్యం, నటుల భద్రత. సన్నిహిత సన్నివేశానికి తప్పనిసరి సిబ్బందే లోపల ఉండాలి. షాట్ కనిపించే మానిటర్ అందరి కంటా పడకూడదు. కట్ అనగానే కప్పుకోవడానికి రోబ్ చేతికందాలి. ఇరుకు ఫ్లాట్‌లో ఇవన్నీ కుదరడం కష్టం. 1996లో వచ్చిన ‘బౌండ్’ అనే క్రైమ్ థ్రిల్లర్‌లో దర్శకులు వచౌస్కీలు అలాంటి సన్నిహిత సన్నివేశాన్ని మధ్యలో కట్ లేకుండా ఒకే లాంగ్ టేక్‌లో తీశారు. అలా తియ్యాలంటే ప్రతి కదలికా ముందే నటులతో మాట్లాడి, వాళ్ల ఒప్పుదలతో ఖాయం చేసుకోవాలి.

డబ్బు ఒక్క గదికే సరిపోతే నేనైతే పడకగదిని సెట్ వేస్తాను. హత్య, పరుగు, పోలీసు విచారణ అన్నీ అసలు లొకేషన్లలో లాగించేయొచ్చు.